లోపల బిగించిన నాబులు

జ్ఞానప్రకాశం పొద్దున చొక్కా తొడుక్కోగానే జేబులో చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకుంటాడు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు బైబిలు మర్చిపోయినా దాన్ని మర్చిపోడు.

ఆళ్లగడ్డలో అతనికి రేడియోలు బాగుచేసే అంగడి ఉంది. డెబ్బై ఆరులో తన చేత్తో చర్చికి మైక్ సెట్టు చేసిచ్చాడు. ముందువైపు ఐదు నాబులు. ఒక్కో గొంతుకు తగ్గట్టు తిప్పుకోవచ్చని అతని గర్వం. కానీ సెట్టు నడిపేది గంట కొట్టే దేవదానం. క్రిస్మస్ నాడు ఏదో సర్దబోయి అన్నీ తిప్పేశాడు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే సెట్టు కీచుమని కూసింది.

“ఏందప్పా ఇది, ఇమానం నడిపే మాదిరి! నాకొకటి చాలు,” అన్నాడు దేవదానం అందరి ముందూ.

జ్ఞానప్రకాశానికి రోషం వచ్చింది. సౌండు పెంచే నాబు ఒక్కటే బయట ఉంచాడు. మిగతావన్నీ పాస్టరుగారి బొంగురు గొంతు స్పష్టంగా వినపడేలా సరిచేసి, పెట్టె లోపలే ఉంచి, మూతకు స్క్రూలు బిగించాడు. ఇక కూత లేదు. అందరూ మెచ్చుకున్నారు.

చర్చి పాటల గుంపులో పాడే లూదియా మాత్రం మెచ్చుకోలేదు. ఆమెది సన్నని గొంతు. గుడ్‌ఫ్రైడే ఆరాధనలో మొదటిసారి ఒక్కతే పాడాలి.

“అన్నా, నా గొంతు దీంట్లో సూది మాదిరి గుచ్చుతాంది. ఎనకపక్క ఇంకొక నాబు పెట్టరాదా? నువ్వే తిప్పుదువు.”

“పెడితే దేవదానన్న దాన్నీ తిప్పుతాడు. నువ్వు రోంత దూరంగా నిలబడు పాపా, సరిపోతాది.”

గుడ్‌ఫ్రైడే నాడు ఆమె దూరంగానే నిలబడింది. వినపడలేదని వెనకనుంచి కేకలు. దేవదానం ఉన్న ఒక్క నాబునూ పూర్తిగా తిప్పాడు. ఆమె గొంతు రేకు మీద మేకు గీసినట్టు వచ్చింది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. “పాప ఈల ఏస్తాంది రా!” అని ఎవరో నవ్వారు. జ్ఞానప్రకాశం పెట్టె దగ్గరికి ఉరికాడు. స్క్రూడ్రైవరు అంగట్లో ఉంది. మూత స్క్రూలను గోటితో తిప్పబోయాడు. పాట రెండో చరణంలో ఆగిపోయింది.

మరుసటి వారమే వెనకవైపు రెండో నాబు పెట్టి, లూదియా ఇంటికి పోయి చెప్పాడు.

“ఇప్పుడెందుకులే అన్నా,” అంది ఆమె, చేటలో బియ్యం చెరుగుతూనే.

ఆ నాబు పెట్టడం అరపూట పని. అన్నీ దేవదానం చేతికి ఇవ్వనక్కర్లేదు, ఒక్కటి తన చేతికి అందేలా ఉంచుకుంటే సరిపోయేదన్న ఆలోచన అతనికి ఆలస్యంగా వచ్చింది.

లూదియా ఇప్పుడు నంద్యాలలో టీచరు. ఆళ్లగడ్డ చర్చిలో మళ్లీ పాడలేదు. జ్ఞానప్రకాశం ఆదివారాలు పెట్టె వెనక నేలమీద కూర్చుంటాడు.