జరీ ముక్క కట్టుకున్న కుక్క

మా కుక్కకు టీకా వేయించిన రోజు, మగ్గం దగ్గర మిగిలిన జరీ అంచు ముక్క ఒకటి దాని మెడకు కట్టాను. ధర్మవరంలో మా వీధి కుక్కల్లో టీకా పడింది దానికొక్కదానికే. ఆ సంగతి అందరికీ తెలియాలని నా ఆరాటం.

"పెండ్లికూతురు మాదిరి ఉండాది. సంబంధాలు చూస్తాండావా?" అంది నా భార్య.

దాన్ని పిల్లగా ఉన్నప్పుడు నాకిచ్చింది పెనుకొండ దగ్గర గొర్రెలు కాసే నా స్నేహితుడు. ఒకసారి చూపించుకుని వద్దామని అతనికి ఫోన్ చేశాను.

"ఇప్పుడొద్దప్పా. మంద కాడ కుక్కలన్నీ దగ్గుతాండాయి. కండ్లల్లో పుసి కారతాండాది."

"మాదానికి ఇంజెక్షన్ పడిందిలే. దాన్నేం చేస్తాది దగ్గు?" అన్నాను.

బైకు మీద ముందర కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను. మంద కాడ ఉన్న తన తల్లి మూతి నాకింది, తల్లి తాగిన గిన్నెలోనే నీళ్లు తాగింది. నేను మురిసిపోతూ ఫోటోలు తీశాను.

కొన్నాళ్లకు అది సంగటి ముట్టడం మానేసింది. ముక్కు కారింది, దగ్గు మొదలైంది. మగ్గం గుంతలో నా కాళ్ల పక్కనే దాని చోటు. అక్కడే ముడుచుకుని, పిలిచినా తల ఎత్తలేదు. చచ్చిపోతుందేమోనని భయం వేసింది. భయాన్ని ఒప్పుకోవడం కంటే కోపం తెచ్చుకోవడం నాకెప్పుడూ సులువు. టీకా వేసిన డాక్టరు నా భార్య పుట్టినూరు హిందూపురంలో ఉంటాడు. కారు మాట్లాడుకుని, కుక్కను తీసుకుని ఇద్దరమూ వెళ్లి, నలుగురి ముందూ "ఆ పొద్దు మందు బదులు నీళ్లు పొడిచినావా సార్?" అని అడిగాను.

ఆయన ముందు కుక్కకు సెలైన్ పెట్టాడు. తర్వాత, "జబ్బు కుక్కల దగ్గరికి పోయిందా?" అన్నాడు.

"అది పోలేదు సార్. ఈయనే బండి మీద మోసుకుపోయినాడు," అంది నా భార్య.

"డిస్టెంపర్ లాగుంది, కుక్కలకు వైరస్‌తో వచ్చే జబ్బు. టీకా చాలా కుక్కల్ని కాపాడుతుంది, అన్నిటినీ కాదు. ఆ వైరస్ ఊరూరా తిరిగేకొద్దీ కొంచెం కొంచెం రూపు మార్చుకుంటుంది. టీకా చేసింది పాత రకంతో. మారినదాన్ని ఒళ్లు సరిగా గుర్తుపట్టకపోవచ్చు. మీ కుక్కకు జరిగింది అదేనా, ఇంకొకటా అనేది పరీక్ష చేయకుండా చెప్పలేను. చీర డిజైన్ పది మగ్గాలు తిరిగితే ఏమవుతుందో మీకు తెలుసు కదా."

బాగా తెలుసు. పక్కింటివాళ్ల హంసల అంచు చూసి, హంస ముక్కున పువ్వొకటి చేర్చి, నా సొంత డిజైనని చెప్పి అమ్మినవాణ్ణి. వైరస్‌ను తిట్టే అర్హత కూడా నాకు లేకపోయింది.

మందులు వేస్తూ, చెంచాతో గంజి పోస్తూ మగ్గం ఆపుకుని కూర్చున్నాను. ఒక ఉదయం నా పళ్లెంలో సంగటి ముద్ద సగం మాయమైంది.

"దొంగతనానికి దిగిందంటే బతికినట్టే," అంది నా భార్య.

జబ్బు తగ్గినా, వెనక కాలు అదరడం మాత్రం దానికి మిగిలిపోయింది. నేను మగ్గం తొక్కుతుంటే గుంతలో అదీ కాలు ఆడిస్తుంది.

"ఇద్దరూ నేస్తాండారు, చీర మాత్రం ఒగటే దిగుతాండాది," అంటుంది నా భార్య.

మరుసటి ఏడాది టీకాకు వెళ్లినప్పుడు, నలుగురూ ఉండగానే డాక్టరుతో, "ఆ పొద్దు నోరు జారినాను సార్, తప్పు నాదే," అన్నాను.

"ఈసారి నీళ్లా, మందా?" అన్నాడాయన నవ్వుతూ.

జరీ ముక్క కట్టలేదు. ఇంటికి రాగానే గొర్రెల స్నేహితుడికి ఫోన్ చేశాను.

"కుక్కలెట్లుండాయప్పా? దీన్ని తీసుకొని రావచ్చునా?"

"అన్నీ బాగుండాయి. నువ్వేమన్నా దగ్గుతాండావేమో చూసుకోని రా," అన్నాడు.