లింగయ్య బెల్టుకు కొత్త కన్నాలు

కోవిడ్ వార్డులు మూసేసి, మామూలు రోగులు మళ్లీ రావడం మొదలైన ఏడాది. దోహాలో ఒక ఆసుపత్రి క్యాన్సర్ క్లినిక్‌లో నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా నర్సుని. మాది ఏలూరు. తెలుగు పేషెంటు ఎవరొచ్చినా నన్నే పిలిచేవాళ్లు. వాళ్ల సంగతి నాకు తెలియనిదేముందని కొంచెం గర్వం కూడా ఉండేది.

లింగయ్యది జగిత్యాల వైపు. దోహా శివార్లలోని ముఐథర్‌లో విల్లాలు కట్టే సైట్‌లో మేస్త్రీ. మూత్రంలో రక్తం పడుతోందని వస్తే ఎడమ కిడ్నీలో గడ్డ బయటపడింది. స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో చుక్కలు కూడా కనిపించాయి. అలా పాకిన కిడ్నీ క్యాన్సర్‌లో మనిషి ఎన్నాళ్లుంటాడో గడ్డ సైజు ఒక్కటే చెప్పదు. హిమోగ్లోబిన్, కాల్షియం, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, జబ్బు తెలిశాక ఎంత త్వరగా మందు అవసరమైంది, ఇవన్నీ కలిపి ‘రిస్క్ స్కోర్’ వేస్తారు. అందులోనే ‘పర్ఫార్మెన్స్ స్టేటస్’ అని ఒకటుంది. అంటే, మనిషి తన పని తాను చేసుకోగలుగుతున్నాడా లేదా అన్నది. మిగతావి చాలావరకు ల్యాబ్ చెబుతుంది. ఇది మాత్రం మా క్లినిక్‌లో నర్సే అడిగి రాయాలి.

అడిగాను. “ఫుల్ డ్యూటీ సిస్టర్, ఏం తక్లీఫ్ లేదు” అన్నాడు నిటారుగా నిలబడి. బరువు చూసేటప్పుడు బెల్టు తీయమన్నాను. దానికి కొత్తగా మూడు కన్నాలున్నాయి, బిగించుకోవడానికి మేకుతో పొడిచినవి. చూశాను. బయట ఇంకా చాలామంది ఉన్నారు. బాగానే ఉన్నాడని రాసేశాను.

ఆ రాతను బట్టే ముందు కిడ్నీ తీసేద్దామని డాక్టర్లు అనుకున్నారు. నీరసించిన మనిషికి ఆ ఆపరేషన్ మేలు చేయకపోగా, కోలుకునేలోపు మందులు మొదలుపెట్టే సమయం దాటిపోతుంది. అది ఖాయం చేసే డాక్టర్ల మీటింగు గురువారం ఒంటిగంటకు. ఆ రోజు పన్నెండు దాటాక లింగయ్యను తీసుకుని రూమ్మేట్ కరీం వచ్చాడు. నిజామాబాద్ అతను, అదే సైట్‌లో డ్రైవరు. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లకు బరువులెత్తవచ్చని అడిగాడు. ఇప్పటిలా ఎత్తాలంటే నెలలు పడుతుందన్నాను. కరీం గొంతు తగ్గించాడు.

“రెండు నెలల సంది అన్న ఏం ఎత్తుతలేడు సిస్టర్. ఫోర్‌మన్‌కు తెల్వకుండ ఆయన పని మేమే చేస్తున్నం. బాత్రూం దాక పోయొచ్చినా పండుకుంటడు.”

గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. బయట బెంచీ మీదున్న లింగయ్య దగ్గరికి పరుగున వెళ్లి అడిగాను. ఆయన మొదట, నా వెనకే వచ్చిన కరీం వైపు కోపంగా చూశాడు.

“అన్‌ఫిట్ అని రాస్తే ఊరికి పంపిచ్చేస్తరు గద సిస్టర్. కంపెనీ మెడికల్‌ల ఎప్పుడు గిట్లనే చెప్తం.”

ఫిట్‌నెస్ పరీక్షలో నిలబడ్డట్టే ఆయన ఆ రోజు నా ముందు నిలబడ్డాడు. ఆ సంగతి తట్టనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

“ఈ కాగితం కంపెనీకి వెళ్లదండీ, డాక్టరుకే వెళ్తుంది. మీరు ఫిట్ అంటే ఆపరేషన్‌కి తీసుకెళ్లిపోతారు” అన్నాను, కాస్త కటువుగానే.

ఆయన తల దించుకున్నాడు. “చాతనైతలేదు సిస్టర్” అన్నాడు చివరికి.

మీటింగులో అందరి ముందూ నా పొరపాటు చెప్పాను. డాక్టరు లేచి వచ్చి లింగయ్యను స్వయంగా చూసి, ఆపరేషన్ ఆపి, మందులు మొదలుపెట్టించారు. కానీ స్కోరు మారింది. నేను సరిచేసిన అంకె, ఆయనకు మిగిలిన కాలం అనుకున్నదానికంటే తక్కువ కావచ్చని చెప్పింది. మందులు మొదలయ్యాక తీసే మొదటి స్కాన్ కోసం రోజులు లెక్కపెట్టాను. చుక్కలు కొంత తగ్గాయని రిపోర్టు వచ్చింది. అంతకుమించి ఎవరూ మాట ఇవ్వలేదు.

అప్పటినుంచి పనికి వెళ్తున్నారా అని నేనెవరినీ అడగను. నిన్న పొద్దున లేచినప్పటినుంచి ఏమేం చేశారో చెప్పమంటాను. పక్కనున్న రూమ్మేట్‌నూ అడుగుతాను.

ఆ స్కాన్ తర్వాత లింగయ్య బరువు చూడబోతే, నేను అడక్కముందే బెల్టు తీసి చూపించాడు.

“ఒక కన్నం ఎన్కకొచ్చిన, రాస్కో సిస్టర్. కని మెట్లెక్కితే దమ్మొస్తుంది. అది గూడ రాయి.”

రెండూ రాశాను.