తునికికి నడక నేర్పిన చిన్నాయన

మా పక్కింటి చిన్నాయన పోయాడు. పోయిన వారం పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకున్నాడట, మళ్లీ లేవలేదు. చిన్నమ్మ గోడవతల నుంచి నన్ను పిలిచింది. గొంతులో ఏడుపు లేదు. "బిడ్డా, మీ చిన్నాయన పలుకుతలేడు, జల్దీ రా" అంది. కొక్కేనికి తగిలించిన మా కుక్క తునికి వీపు పట్టా కోసం నేను తడుముకుంటుండగానే అవతల ఆమె ఏడుపు మొదలైంది.

ఆయన నాకు సొంత చిన్నాయన కాదు. తల్లాడలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ, ఆ గోడే మా చుట్టరికం. పోలీసు కుక్కల దళంలో పనిచేసి రిటైరైన మనిషి. భద్రాచలం అడవుల్లో కుక్కల వెనక తిరిగి తిరిగి మోకాళ్లు అరగదీసుకుని ఇంటికొచ్చాడు. అడవిలో ఏం చూశాడో ఎవరడిగినా చెప్పేవాడు కాదు. కుక్కల గురించి అడిగితే మాత్రం కంచంలో అన్నం చల్లారిపోయేదాకా చెప్పేవాడు. నౌకరీ అయిపోయినా ఖాకీ ప్యాంటు వదల్లేదు. ఇంట్లో, చేను దగ్గర, సంతలో అదే. "గట్టి గుడ్డ, ముండ్లకు చినగదు" అని సాకు చెప్పేవాడు కానీ, అది వేసుకుంటే ఆయన నడకే మారేదని చిన్నమ్మ నవ్వేది.

ఇవాళ నేను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఖమ్మం బస్టాండులో దిగి ఆఫీసుకు పోతున్నానంటే అది ఆయన చలవ. ఈ మాట ఆయన ఉండగా అంటే "చాలు, చాలు" అని కొట్టిపారేసేవాడు. ఇప్పుడు అడ్డుపడే మనిషి లేడు కనుక తీరిగ్గా చెప్తాను.

నాకు చూపు ఒక్కసారిగా పోలేదు. ముందు చీకటిపడితే కనపడేది కాదు, తర్వాత పక్కలు మూసుకుపోయాయి, చివరికి ఎదురుగా ఉన్నది కూడా మాయమైంది. ఖమ్మంలో ఒక ఆఫీసులో టైపు చేసేదాన్ని. చూపు పోయాక ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ సీటుకు కళ్లు అక్కర్లేదు, కానీ సీటు దాకా చేరాలి కదా. కొన్నాళ్లు అమ్మ నాతో బస్సెక్కి, సాయంత్రం దాకా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, మళ్లీ నాతోనే తిరిగొచ్చేది. అమ్మకు నడుము పట్టేసింది. "ఇంక మానెయ్ బిడ్డా, కలో గంజో ఇంట్లనే తాగుదం" అంది. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు కూడా లేవు. మానేస్తే మిగతా బతుకంతా నాలుగు గోడల మధ్యే. కర్ర పట్టుకుని ఒకసారి ఒంటరిగా పోయి చూశాను. బస్టాండు తోపులాటలో కర్ర ఎటో కొట్టుకుపోయింది. నిలబడ్డ చోటే నిలబడి ఏడ్చాను.

గోడవతల నుంచి చిన్నాయన ఇదంతా వింటూనే ఉన్నట్టున్నాడు. ఒకరోజు వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"బిడ్డా, బయటి దేశాలల్ల కండ్లు లేనోళ్లకు కుక్కలు తొవ్వ జూపుతయంట. ట్రైనింగ్‌ల మా సారు చెప్పంగ విన్న. చేద్దమా?"

"నీకొచ్చా చిన్నాయనా?"

"రాదు. వాసన పట్టుడు నేర్పిన గని, మనిషిని నడిపిచ్చుడు ఎన్నడు నేర్పలె. రాదని ఒప్పుకొని మొదలువెడితె మెల్లగ అదే వస్తది."

దమ్మపేట అవతల అడవి అంచున ఒక ఊరుంది. అక్కడ చేన్లకు పందులు పడకుండా కాసే కుక్కలుంటాయి. ఆ ఊరి నుంచి ఒక ఆడ కుక్కపిల్లను తెచ్చాడు. గిన్నెలో అన్నం పెడితే మిగతా కూనలన్నీ ఎగబడ్డాయట, ఇదొక్కటి ముందు ఆయన మొహం చూసిందట. ఆ ఇంటి ముసలమ్మ పైసలు ముట్టలేదు. "కట్టెయ్యనంటె తీస్కపో, కట్టేసేటట్టయితె ఈడనే ఉండనియ్" అందట. చిన్నాయన మాటిచ్చాడు. ఆ కుక్క మెడకు ఈ రోజు దాకా గొలుసు పడలేదు. అడవిలో కాసే తునికి పండు రంగులో ఉందని తునికి అని పేరు పెట్టాడు. "బస్టాండ్ల రాజు, రాణి అని ఎవడో ఒకడు ఒర్లుతనే ఉంటడు. తునికీ అని మనం తప్ప ఎవడు పిలువడు" అన్నది ఆయన లెక్క.

చెప్పులు కుట్టే ఆయనతో వీపు మీదికి తోలు పట్టా కుట్టించి, దానికి వంపు తిరిగిన వెదురు పిడి బిగించాడు. ఆ పిడి నా చేతిలో ఉంటే తునికి వీపు ఎటు తిరిగేదీ నాకు తెలుస్తుంది. మాటలు మూడే పెట్టాడు: నడు, ఆగు, చాలు. "పట్టా ఏస్తె డ్యూటీ ఎక్కినట్టు, ఇప్పి చాలు అంటె దిగినట్టు. ఇది కట్టేసుడు గాదు, ముసలమ్మకిచ్చిన మాట తప్పలే" అని నాకు సంజాయిషీ కూడా చెప్పుకున్నాడు.

నాకు అప్పగించే ముందు తనే కళ్లకు తువ్వాల కట్టుకుని తల్లాడ సంతలో తునికి వెంట నడిచాడు. సంత సంతంతా పని మానేసి చూసిందట. తునికి బండ్లను తప్పించింది, బురదను తప్పించింది, పడుకున్న ఎద్దును చుట్టి పోయింది. కూరగాయల దుకాణాల మీద కట్టిన పరదా తాడు కిందినుంచి మాత్రం హాయిగా దూరిపోయింది. తాడుకు చిన్నాయన తగులుకుంటే, దాన్ని కట్టిన వాసం ఊడి వచ్చి ఆయన నుదుటికి కొట్టింది. బొప్పి కట్టిన నుదురు నాతో తడిమించుకుంటూ ఆయన ఒకటే నవ్వు. "కుక్క దాని ఎత్తు అది జూసుకుంటది బిడ్డా. దానికి నీ ఎత్తు నేర్పాలె" అన్నాడు. ఆ తర్వాత ఇంటి చుట్టూ నా తల ఎత్తున తాళ్లు కట్టి, వాటి ముందు ఆగడం నేర్పాడు. బట్టలారేసుకోవడానికి పనికొస్తున్నాయని చిన్నమ్మ వాటి మీద చీరలు వేసేది, ఆయన తీసేసేవాడు, ఇద్దరూ దాని మీద వాదులాడుకునేవారు.

తర్వాత తిండి గొడవ. తునికి ఎదురైతే చాలు, "పాపం" అని బిస్కెట్టు పెట్టేవాళ్లు, బజ్జీ పెట్టేవాళ్లు. చిన్నాయనకు కోపం నెత్తికెక్కేది.

"డ్యూటీల ఉన్న సిపాయికి ఎవరన్న బజ్జి తినిపిస్తరా?" అని బజ్జీల బండి ఆమె మీద లేచాడు.

"ఎందుకు తినిపియ్యం? ఇన్నేండ్ల సంది మీ పోలీసోళ్లు ఎవరి బండి కాడ తిన్నరు?" అందామె.

ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పుకుని ఆయనే ఎక్కువ నవ్వాడు.

ఖమ్మం మిర్చి యార్డుకు తీసుకుపోయాడు. బస్తాలు మోసే హమాలీలు "జరుగు, జరుగు" అని మీదికొస్తుంటే, మిరప ఘాటుకు నేనూ తునికీ చిన్నాయనా ఒకళ్ల తర్వాత ఒకళ్లం తుమ్ముతూ బస్తాల మధ్య దారి వెతుక్కున్నాం. ఆ రోజు పోయేటప్పుడు బస్సుకు చేయెత్తితే కండక్టరు కుక్కను ఎక్కించుకోనన్నాడు. "కోడిపుంజులకు లగేజి టికెట్ కొడతలేవా? దీనికి గూడ కొట్టు" అన్నాడు చిన్నాయన. వెనక సీట్లోంచి ఎవరో ఆడమనిషి "కోడి కన్న ఇదే నయం, అరువదు" అని వంత పాడింది. అలా తునికి లగేజీగా ప్రయాణం మొదలుపెట్టింది.

అంతా కుదిరిందనుకున్నాక అసలు పరీక్ష పెట్టాడు. ఖమ్మం బస్టాండు ఈ చివర బస్సు దిగి ఆ చివర గేటు దాకా నేనూ తునికీ మాత్రమే నడవాలి. "నేను లేననుకో" అని దూరంగా పోయి నిలబడ్డాడు. నేను పిడి పట్టుకుని "నడు" అన్నాను.

తునికి నడిచింది. కొంచెం దూరం పోయి ఆగి కూర్చుంది. చెయ్యి చాస్తే ఎవరిదో చొక్కా గుండీ తగిలింది. "ఏందమ్మా, ఏ బస్సు?" అన్నాడు ఆ మనిషి. క్షమించమని మళ్లీ "నడు" అన్నాను. మళ్లీ ఎవరి ముందో కూర్చుంది. మళ్లీ ఇంకొకరి ముందు. చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. చెమటతో అరచేతిలో పిడి జారుతోంది. అంతలో తునికి ఒక్కసారిగా పక్కకు లాగింది, నేను దాని వెనకే పరుగులాంటి నడక నడిచాను. బస్సు వెనక్కి వస్తున్న చప్పుడు, కండక్టరు విజిలు, ఆ వెంటనే "తునికీ!" అని చిన్నాయన కేక. ఆ కేకకు పిడి నా చేతిలోంచి ఊడిపోయింది. కుక్క ఆయన దగ్గరికి పరిగెత్తింది, బస్సు దారిలో నేను మిగిలాను. ఇంజను వేడి మొహానికి తగిలింది. ఎవరో రెక్క పట్టుకుని ఇవతలికి లాగారు.

బెంచీ మీద కూర్చుని "నాతోటి కాదు చిన్నాయనా, నౌకరీ ఇడిసిపెడత" అన్నాను. ఆయన తల్లాడ బస్సెక్కి చాలాదూరం వచ్చాక నోరు విప్పాడు.

"తప్పు నీది గాదు, దానిది గాదు. నా ప్యాంటుది."

"ప్యాంటుదా?" అన్నాను.

"పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి అది నన్ను ఖాకీలనే చూసింది బిడ్డా. ఖాకీ ఏసుకున్నోడల్ల దాని మాలిక్ అనుకున్నది. బస్టాండ్ల డ్రైవర్లు ఖాకి, కండక్టర్లు ఖాకి, ఆటోలోళ్లు ఖాకి. పాపం, అది ఎంతమంది దిక్కు జూడాలె?"

అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఇల్లు చేరగానే ఖాకీ ప్యాంటు విప్పి చిన్నమ్మ చేతిలో పెట్టాడు. ఆమె ఉతికి, వేపాకు వేసి ట్రంకు పెట్టెలో దాచింది. ఆ రోజు నుంచి ఆయన లుంగీయే. ఆటోల అడ్డా దగ్గర ఖాకీ చొక్కాల మధ్య నుంచి తునికిని రోజూ నడిపించి, వాళ్లలో ఎవరివైపూ చూడకుండా పోవడం నేర్పాడు.

కానీ ఆయనకు ఆ కేక గుర్తుంది. తన గొంతు వినగానే కుక్క నన్ను వదిలేసిన సంగతి ఆయన మర్చిపోలేదు. ఒక సాయంత్రం పట్టా తెచ్చి మా ఇంట్లో కొక్కేనికి తగిలించాడు.

"ఖాకీ ఇడిసిన. ఇగ నేను గూడ ఇడవాలె. ఒక కుక్కకు ఇద్దరు మాలిక్‌లుంటె రోడ్డు మీద మనిషి సస్తడు. ఇయ్యాల్టికెల్లి నేను దాన్ని పిలువ, ముట్ట. నువ్వే పెట్టు, నువ్వే కడుగు, నువ్వే తిట్టు."

అన్నట్టే చేశాడు. మొదటి రోజుల్లో తునికి గోడ దగ్గర నిలబడి కుయ్యి కుయ్యిమనేది. అవతల ఆయన దగ్గు కూడా ఆపుకునేవాడు. సందులో ఎదురైతే పలకరించకుండా పక్కకు ఒత్తిగిలి నిలబడేవాడు. నాతో మాట్లాడాలంటే తునికి నిద్రపోయాక వచ్చి గుసగుసగా మాట్లాడేవాడు. "కుక్క సంగతేమొ గని, మీ చిన్నాయనే కుక్క లెక్క గోడ కాడ కూసుంటుండు" అని చిన్నమ్మ నాతో అంది. అంత ప్రేమగా పెంచిన దాన్ని అలా దూరం పెట్టుకోవడం నాకోసమే అని తెలిసి, ఆ రుణం ఎలా తీరుతుందో తెలియక చాలా రోజులు నలిగాను.

మొదటిసారి నేనూ తునికీ మాత్రమే ఖమ్మం పోయి వచ్చిన రోజు, తల్లాడ స్టేజీ దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. నాకు తెలియదు. బస్సు దిగి నడుస్తుంటే ఒకచోట పిడి కొంచెం వణికింది, అంతే, తునికి ఆగలేదు. ఇల్లు చేరాక వెనకే చిన్నాయన వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, నన్ను బయటికి పిలిచి, "చూసినవా బిడ్డా? నా పక్కకెల్లే వచ్చింది. నా దిక్కు చూడలే!" అన్నాడు. పరీక్ష పాసైన పిల్లాడి సంబరం. ముక్కు చీదుకుని, మిర్చి ఘాటు ఇంకా పోలేదని అబద్ధమాడాడు.

తర్వాత ఇన్నేళ్లూ ఆ గోడ అలాగే ఉంది. నేను ఉద్యోగం మానలేదు. అమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చోలేదు. భద్రాచలం పోయి గోదావరి గట్టు మీద నేనూ తునికీ చల్లగాలికి కూర్చుని వచ్చాం. తునికి మూతి నెరిసిందని అమ్మ చెప్పింది. నడక నెమ్మదించిందని చెయ్యి చెప్పింది. చిన్నాయన మాట తప్పలేదు, ఒక్కసారి కూడా దాన్ని పిలవలేదు.

ఆ పొద్దున తునికికి పట్టా వేసి వాళ్ల ఇంటికి పోయేసరికి వాకిలి నిండా జనం. మధ్యాహ్నానికి ఆయనతో పనిచేసిన పోలీసులు వచ్చారు. బూట్ల చప్పుళ్లు నాకు వినపడుతున్నాయి. తునికి ఆ ఖాకీల మధ్య నుంచి ఎవరి దగ్గరా ఆగకుండా నన్ను నడిపించింది. మెట్టు దగ్గర ఆగింది, నేను ఎక్కాక నడిచింది. ఆయన్ని పడుకోబెట్టిన చాప దగ్గర, అడ్డున్న ఏ వస్తువు దగ్గరైనా ఆగినట్టే, ఆగింది. పెట్టెలోని ఖాకీ ప్యాంటు, చొక్కా తీసి ఆయన మీద కప్పానని చిన్నమ్మ చెప్పింది. వేపాకు వాసన వస్తోంది.

"ఇయ్యాలన్న పోనియ్ బిడ్డా దాన్ని" అంది చిన్నమ్మ.

నేను వంగి పట్టా విప్పాను. తునికి కదల్లేదు. ఆయన నేర్పిన నేర్పు అలాంటిది. దాని చెవి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆయన అనే తీరుగానే, "చాలు, తునికీ" అన్నాను. అప్పుడు నా అరచేతి కిందినుంచి దాని వీపు జారిపోయింది.

నేను లేచి నిలబడ్డాను. చేతిలో ఖాళీ పిడి ఉంది. అంత జనంలో ఏ దిక్కుకు అడుగేయాలో తెలియదు, అయినా భయం వేయలేదు. వాకిట్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన పక్కన, చాప మీద, తునికి తోక మెల్లగా కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.