గయలో వదిలిన కాయ

మాఘమాసం వెళ్ళేసరికి రాజమండ్రి రైతు బజారులోకి పనసకాయలు దిగుతాయి. పండుకి పనికొచ్చే పెద్ద కాయలు కావు, గింజ ఇంకా ముదరని లేత కాయలు. పొట్టు కూరకి అవే కావాలి. వాటికోసం పొద్దున్నే సంచీ పట్టుకుని బయల్దేరతాను, అక్కర్లేనివి కూడా నాలుగు మోసుకొస్తాను. ఏ కాయ ఏ నెలలో వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను గానీ, కరెంటు బిల్లు ఎప్పుడు కట్టాలో మాత్రం నాకు గుర్తుండదు.

పోయినేడాది మాత్రం ఆ కాయల ముందు చాలాసేపు నిలబడిపోయాను, కొనాలా వద్దా అని.

మా వైపు కాశీకో గయకో వెళ్ళినవాళ్ళు తమకి ఇష్టమైన కాయో పండో ఒకటి అక్కడ వదిలేసి వస్తారు. ఇక జన్మలో దాన్ని ముట్టరు. ఇందులోనూ గడుసువాళ్ళుంటారు. మా మేనత్త కాశీలో కాకరకాయ వదిలింది. అంతకుముందు మాత్రం ఆవిడ కాకరకాయ తిన్న పాపాన పోయిందా! మా అమ్మకి అలాంటి తెలివితేటలు లేవు. నాన్నగారు పోయాక గయలో పిండం పెట్టించి, తనకి ప్రాణంతో సమానమైన పనసకాయని వదిలి వచ్చింది. ఆ తర్వాత కూడా ఏటా నాకోసం పొట్టు కూర తనే వండేది. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని నన్ను పిలిచేది. ఆ కూరంటే అమ్మ తర్వాత అంత పిచ్చి ఉన్నది నాకే.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. జ్ఞాపకం జారిపోతోంది. దానితోపాటు తిండీ తగ్గిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని, మింగడం మర్చిపోయినట్టు అలాగే కూర్చుంటుంది. జాకెట్లన్నీ వదులైపోయాయి. ఏది అడిగితే అది పెట్టండి అన్నారు డాక్టరుగారు. అడిగితే కదా! అలాంటి మనిషి పోయినేడాది ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"పనసకాయలు రాలేదుటే? ఆవ పెట్టి పొట్టు కూర చెయ్యి. తినాలనుంది."

అన్నయ్యకి ఫోన్ చేశాను. "వద్దు. నాన్నగారి పేర వదిలింది. తనకి గుర్తులేకపోతే మనకైనా గుర్తుండాలి కదా," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్లో ధర్మం చెప్పడం తేలికే, మింగని ముద్ద ఎదురుగా పూటపూటా కూర్చునేది నేను. ఫోన్ పెట్టేశాక మాత్రం భయం వేసింది. అన్నయ్య అన్నది తప్పు కాదు. ఆ మాట అమ్మ ఇచ్చింది. తనకి తెలియకుండా దాన్ని తప్పించే హక్కు నాకెక్కడిది?

"ఏంటండి, కాయ నచ్చలేదా?" అంది బజార్లో కాయలమ్మే ఆవిడ, ఎంతకీ కదలని నన్ను చూసి.

"నచ్చిందండి. పొట్టు కొట్టివ్వండి," అనేశాను.

ఆవిడ చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, జిగురు కారే చెక్కు తీసేసి, కాయని టకటకా సన్నగా కొట్టి కవర్లో పోసింది. ఇంటికొచ్చి పసుపూ ఉప్పూ వేసి ఉడికించాను. నీళ్ళు గట్టిగా పిండేసి, ఇంగువ పోపులో చింతపండు గుజ్జుతో కలిపి మగ్గనిచ్చాను. ఆవ నూరి పక్కన పెట్టుకున్నాను. వేడి మీద ఆవ కలిపితే కూర చేదెక్కుతుంది, అందుకని చల్లారేదాకా ఆగాలి. ఆగినంతసేపూ అన్నయ్య మాటే చెవిలో మోగింది. ఇప్పుడైనా పక్కింటివాళ్ళకి ఇచ్చేయొచ్చు అనుకున్నాను. అనుకుంటూనే ఆవ కలిపేశాను.

అమ్మకి వడ్డించి, నేనూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. తను కలుపుకుంది, తింది, మింగింది. ఇంకో ముద్ద తింది. ఆవ ఘాటుకి కళ్ళు తుడుచుకుని, "ఘాటు కుదిరిందే," అంది. ఎన్ని నెలలకి విన్నానో అలాంటి మాట! నాకు ఏడుపొచ్చినంత పనైంది. మారు వడ్డించాను.

రెండోసారి కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇది నేను వదిలేశాను కదే," అంది మెల్లిగా. "గయలో. మీ నాన్నగారి పేర."

నోట్లో ఉన్న ముద్ద మింగాలో ఊసెయ్యాలో తెలియక నావంక చూసింది. అమ్మ కళ్ళలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఏం చెప్పాలో ఆలోచించే వ్యవధి కూడా లేదు.

"నువ్వు కాదమ్మా, వదిలింది నేను," అన్నాను. "కావాలంటే చూడు, నా కంచంలో లేదు."

నిజానికి నేనింకా వడ్డించుకోలేదు, అంతే.

అమ్మ నా కంచంలోకి వంగి చూసింది. అందులో అన్నం, పప్పు ఉన్నాయి. ముద్ద మింగింది. భయం పోయి మొహం నిండా జాలి వచ్చింది.

"అయ్యో పిచ్చిపిల్లా, నీకు ఇదంటే ప్రాణం కదే! ఎందుకు వదిలావు?"

"నాన్నగారి కోసం," అన్నాను.

అమ్మ తన కంచం నా వైపు జరిపింది.

"పోనీలే, నీ వాటా కూడా నేనే తింటాను. ఇంకాస్త వెయ్యి."

వేశాను. అమ్మ ఆ పూట కడుపునిండా తింది. నేను ఆ రోజు నుంచి పనసకాయ తినలేదు.