మేనత్త నడక

ఇది మహా సంగ్రామ గాథ. అంటే, మా మేనత్త రోజూ ఉదయం ఆకివీడు రోడ్డు మీద నడవడానికి పడ్డ పాట్లు. షుగరు తగ్గకపోతే వచ్చే నెల నుంచి ఇన్సులిన్ సూదేనన్నారు డాక్టరు గారు. అన్నం మానేసి జొన్నరొట్టెకు దిగింది. నడకే సాగలేదు. పెద్దవాళ్లు నడుస్తుంటే బండి ఆపకపోవడం మావైపు అమర్యాద.

"పిన్నిగారూ, ఎక్కండి, దింపేస్తాను."

"నన్ను నడవనివ్వవయ్యా!"

"మీరు నడుస్తుంటే మేం చూస్తూ పోవాలాండీ?"

రెండోసారి కాదనడం ఆవిడకూ రాదు. ఎక్కేది. ఇంటి ముందు దిగి, కొంగు విదిలించి, "వీళ్ల మర్యాద తగలెయ్యా! నా కాళ్లు నావి కావా?" అనేది. న్యాయమే కదా! ఊరంతా కలిసి, ఎంతో ప్రేమగా, ఆవిడకు సూది పొడిపించబోయింది.

చివరికి ఆవిడ నడక చేపల చెరువు గట్టెక్కింది. ఆ మట్టి మెత్తన. బండి దిగబడుతుంది.