ఎండ తగలని పాప

ఎనభైల్లో మేము యానాం కనకాలపేటలో ఉండేవాళ్లం. నల్లబడుతుందని నేను మా పాపను పుట్టినప్పటి నుంచి గడప దాటనివ్వలేదు. తొమ్మిదో నెలలో ఒక ఉదయం, ఒళ్లో పాలు తాగుతూనే అది బిగుసుకుపోయింది. కనుగుడ్లు పైకి వెళ్లిపోయాయి, చేతులు మెలికలు తిరిగాయి.

"గాలి సోకిందే, వేపమండలు తేండి!" అని మా అత్తగారు అరిచారు. నేను ఆగకుండా పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

ఇంజెక్షన్‌తో ఫిట్స్ ఆగాక, డాక్టరుగారు కాస్త ఉబ్బినట్టున్న పాప మణికట్లు తడిమి చూశారు.

"పిల్లకి ఎండ తగలనిస్తున్నావామ్మా?"

"లేదండీ, నల్లబడిపోద్దనండి..."

"అందుకే డి విటమిన్ లేక ఒంట్లో కాల్షియం పడిపోయి ఫిట్స్ వచ్చాయి. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు."

మందులతో, పొద్దుటి ఎండతో పాప కోలుకుంది. రంగు పిచ్చితో కన్నబిడ్డను నా చేతులారా చంపుకోబోయానని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.