బానెట్ మీద దీపపు పురుగు

తళుకులు కలిపిన నీలిరంగు మీద ఆఖరి వార్నిష్ పూత ఆరకముందే ఒక దీపపు పురుగు వచ్చి బానెట్ నడిమధ్యన పడుకుంది. పెయింటరు నేలంతా నీళ్లు చల్లి దుమ్ము అణిచే మనిషి, తలకి భార్య స్నానపు టోపీ తగిలించుకోనిదే స్ప్రే గన్ను పట్టడు. కనుబొమల్లో తళుకులు ఏళ్ల తరబడి వదల్లేదు. ఊపిరి బిగబట్టి చిన్న పట్టకారు పురుగు మీదికి వంచాడు. చెయ్యి తగిలితే బానెట్టంతా గీకి మళ్లీ మొదలెట్టాలి. తెల్లారితే ఓనరు కూతురు పెళ్లికి ఈ కారులోనే బయల్దేరాలి.

"ఉఫ్‌మని ఊదెయ్యొచ్చుగా మాస్టారూ," అన్నాడు వెనక ఓనరు. పెయింటరు బిగబట్టిన ఊపిరంతా ఆయనే వదులుతున్నట్టుంది.

పురుగు ఊడి వచ్చింది. దాని రెక్కల పొడి మాత్రం పూతలోనే ఉండిపోయింది.

ఓనరు కళ్లద్దాలు సవరించుకుని వంగాడు. "ఇదేంటండీ, ఇక్కడొక్కచోటే మెరుపు ఎక్కువైంది?"

పెయింటరు పట్టకారులోని పురుగుని పైకెత్తి చూపించాడు. "ఆ ముక్క వేసింది ఈయనండీ, నాకంటే చెయ్యి తిరిగినవాడు."